ప్లేటు మీది హెచ్‌పీ, మడిల పారే నీళ్లు

(నల్లగొండల ఒక పాలిటెక్నిక్ కాలేజీ మెకానికల్ విద్యార్థుల ముందు స్పోర్ట్స్ కార్ల మీద చేసిన ప్రసంగానికి రాతప్రతి. వక్త ఇరవై ఏండ్లకు పైగా ఇంజిన్ టెస్టింగ్‌ల పనిచేసి, ఇప్పుడు దేవరకొండ పక్కన సొంతూర్ల ఉంటున్నరు. మాట్లాడిన తీరు అట్లనే ఉంచినం.)

అందరికీ నమస్తే. వెనక బెంచీలకు వినబడుతున్నదా? ఫ్యాన్ల చప్పుడు బాగుంది, వినబడకపోతే చెయ్యెత్తండి. ఆఖరి వరుసల నలుగురైదుగురు పెద్దమనుషులు కూసున్నరు. పిల్లల నాయినలు కావచ్చు, లేకపోతే బయట ఎండకు తాళలేక లోపలికొచ్చినోళ్లు కావచ్చు. (నవ్వులు) ఎవరైనా మంచిదే. వాళ్లకు తెలిసిన ముచ్చటతోనే మొదలుపెడ్త.

నేను పదో తరగతిల ఉన్నప్పుడు మా నాయిన చెలకల బోరేసి అయిదు హెచ్‌పీ మోటర్ దించిండు. గట్టు అవతలోళ్లది గూడ అయిదు హెచ్‌పీనే, ఒకే దుకాణంల కొన్నవే. వాళ్ల పైపు నిండుగ దుంకేది, మాది సగం గూడ రాకపోయేది. నేను చదువుకునేటోన్ని గదా, స్టార్టర్ డబ్బా కాడికి పోయి, ప్లేటు మీద రాసింది చదివి, "నాయినా, రెండూ ఒకటే పవర్, దీంట్ల ఏదో మోసం ఉంది" అన్న. మా నాయిన గుడ్లురిమి చూసి, "ప్లేటు చదివితే వరి తడుస్తదారా?" అన్నడు. తర్వాత తెలిసింది, వాళ్ల మోటర్ నూటయాభై అడుగుల మీద ఉంది, మాది మూడొందల అడుగుల కింద ఉంది. అదే పవర్‌తోని రెండింతల ఎత్తుకు తోడాలంటే నీళ్లు సగమే వస్తయ్. మోసం ఎవ్వడూ చెయ్యలే. ప్లేటు నిజమే చెప్పింది, కాకపోతే మాకు కావాల్సిన నిజం అది చెప్పలే.

స్పోర్ట్స్ కార్ల మీద మాట్లాడమని పిలిస్తే ఈయన బోరు మోటర్ కాడ కూసున్నడేంది అనుకుంటున్నరు. అక్కడికే వస్తున్న. మీ ఫోన్లల వచ్చే ప్రకటన చూడండి. కారు పేరు చిన్నగ, అంకె పెద్దగ: 500, 1,000, ఇప్పుడైతే 3,000. ఆ అంకె మోటర్ ప్లేటు. ట్రాక్ మీద ల్యాప్ టైము, అంటే ఒక చుట్టు తిరిగే టైము, మడిల పారే నీళ్లు. ఈ రెండిటి నడుమ ఎన్ని అడుగుల లోతుందో అదే ఇవ్వాల్టి ముచ్చట.

హార్స్‌పవర్ అనే మాట ఎట్ల పుట్టిందో చాలామందికి తెలుసు, జేమ్స్ వాట్. ఆయన ఆవిరి ఇంజిన్లు అమ్ముకునేటోడు. కొనేటోళ్ల దగ్గర గుర్రాలున్నయ్. "నీ ఇంజిన్ ఎన్ని గుర్రాల పని చేస్తది?" అని అడుగుతరు గదా! మిల్లు చుట్టూ తిరిగే గుర్రాన్ని లెక్కగట్టి, నిమిషానికి 33,000 పౌండ్లను ఒక అడుగు ఎత్తేంత పని అని తేల్చిండు. మన లెక్కల 746 వాట్లు. మామూలు గుర్రం దినమంతా అంత లాగలేదు. అంటే వాట్ గుర్రాన్ని జర పెద్దగ జేసి, తన ఇంజిన్‌ను జర తక్కువ జేసి చెప్పిండన్నమాట. ఇంజిన్ కొన్నోడు తిట్టుకుంట తిరిగి రాకూడదు గదా. హార్స్‌పవర్ పుట్టిందే అమ్మకం మాటగ. ఇది మనసుల పెట్టుకోండి, ముందుముందు పనికొస్తది.

మన దగ్గర అంతకన్న సక్కటి కొలత ఉంది. శివరాత్రికి మేళ్లచెరువు జాతరకు పోయినోళ్లు ఎంతమంది? ఎడ్ల పందెం చూసిన్రు గదా. బండ బరువు ముందే తెలుసు. టైము కట్టి ఇడుస్తరు. ఆ టైముల ఎన్ని అడుగులు లాగినయో టేపు పట్టి కొలుస్తరు. జత ఏ ఊరిది, కొమ్ములు ఎంతున్నయ్, మెడల గంటలు ఏంటివి, అవేవీ లెక్కల రావు. బలం, దూరం, టైము. ఫిజిక్స్ పుస్తకంల పవర్ అంటే గిదే. అంతకన్న నిజాయితీ గల డైనో, అంటే పవర్ కొలిచే మిషన్, నేను పనిచేసిన ఏ కంపెనీల గూడ చూడలే. ఎడ్లకు ప్రకటన ఉండదు గనక. (నవ్వులు)

పెద్దమనుషులకు ఇంకొక ముచ్చట చెప్పాలె. అమెరికాల నెబ్రాస్కా అని ఒక రాష్ట్రం, అంతా వ్యవసాయమే. అక్కడ విల్మట్ క్రోజియర్ అని ఒక రైతు, ఎమ్మెల్యే లాంటోడు. ట్రాక్టర్లు కొత్తగ వస్తున్న రోజులు. ఫోర్డ్ అని పేరున్న ట్రాక్టర్ కొన్నడు. అది కార్ల హెన్రీ ఫోర్డ్‌ది కాదు, ఆ పేరు మీద బతుకుదామని మినియాపొలిస్‌ల పెట్టిన కంపెనీది. అది ఎందుకూ పనికిరాలే. ఈయన కోపమంతా చట్టం జేసి పెట్టిండు. 1919ల నెబ్రాస్కాల ట్రాక్టర్ పరీక్ష చట్టం వచ్చింది. అక్కడి యూనివర్సిటీల పరీక్ష చేయించకుండ ఏ కంపెనీ తన ట్రాక్టర్ అమ్మద్దు. బెల్టు మీద ఎంత, కొండికి కట్టి లాగితే ఎంత, రెండూ కొలిచి కాయితం మీద పెట్టాలె. మన దేశంల ఆ పని మధ్యప్రదేశ్‌ల బుదని సంస్థ చేస్తది. మీరు "50 హెచ్‌పీ ట్రాక్టర్" అని కొంటున్నది ఇంజిన్ హెచ్‌పీ. పీటీఓ, అంటే వెనక పనిముట్లను తిప్పే షాఫ్టు, దాని కాడికి వచ్చేసరికి తగ్గుతది, కొండి కాడ ఇంకా తగ్గుతది. అది రిపోర్టుల సాఫుగ రాసుంటది. చదివేటోళ్లే తక్కువ.

కార్లకు అట్లాంటి చట్టం లేకపోయె. చానా ఏండ్లు కంపెనీ ఏది చెప్తే అదే. 1971 దాక అమెరికాల "గ్రాస్" లెక్క నడిచింది. ఇంజిన్‌ను బల్ల మీద ఒంటిగ పెట్టి, ఎయిర్ ఫిల్టర్ తీసి, ఆల్టర్నేటర్ బెల్టు తీసి, కార్లకు పెట్టని ఖుల్లా పొగగొట్టం పెట్టి కొలుస్తరు. ఎవడైనా కోతకు పోయేటప్పుడు చెప్పులు, తువ్వాల, నీళ్లబుడ్డి అన్నీ ఇడిసిపెట్టి ఉరికి, "నేను గింత జోరు ఉరుకుత" అన్నట్టు. 1972 నుంచి "నెట్" లెక్క వచ్చింది, కార్ల ఎట్లుంటదో అట్ల కొలవాలె. షెవర్లే కార్వెట్‌ల ఎల్‌టీ-1 అనే ఇంజిన్ ఉండేది. 1971 ప్రకటనల 330, 1972ల 255. ఇంజిన్ దాదాపు గదే. 75 గుర్రాలు ఏడికి పోలే, అసలు ఎన్నడూ లేకుండె.

ఇగ ఇటు పక్కవి వినండి. 1999ల ఫోర్డ్ మస్టాంగ్ కోబ్రాకు 320 అని చెప్పింది. కొన్నోళ్లు డైనో మీద పెట్టుకుని చూస్తే వాళ్ల లెక్కకు ఎక్కడా అందలే. లొల్లి అయింది. కంపెనీ అమ్మకం ఆపి, బండ్లు వెనక్కి పిలిచి, ఇంటేక్, పొగగొట్టం మార్చి, కంప్యూటర్ దిద్ది ఇచ్చింది. మాజ్డా 2001 ఎంఎక్స్-5కు 155 చెప్పి 142కు దించింది. మల్ల రెండేండ్లకే ఆర్‌ఎక్స్-8కు ముందు 250 అని, తర్వాత 247 అని, ఆఖరికి 238 కాడ నిలబడింది. రెండు సార్లూ "వద్దనుకుంటే బండి తిరిగి తీసుకుంటం" అన్నరు. అది ఒప్పుకోవాలె, మర్యాదగల పని. ఈ లొల్లులన్నిటి తర్వాత 2005ల ఎస్‌ఏఈ అనే ఇంజినీర్ల సంఘం కొత్త పద్ధతి తెచ్చింది. కొలిచేటప్పుడు బయటి సాక్షి పక్కన నిలబడాలె. కార్వెట్ జెడ్06ల ఎల్‌ఎస్7 ఇంజిన్ ఆ పద్ధతిల కొలిచిన మొదటిది. 500 అనుకున్నది 505 వచ్చింది. సాక్షి ముందు పెరిగింది, సూడండి.

ఎక్కువ చెప్పుడే అబద్ధమా? తక్కువ చెప్పుడు గూడ ఉంది. జపాన్ కంపెనీలన్నీ 1989 నుంచి 2004 దాక ఒక పెద్దమనుషుల ఒప్పందం పెట్టుకున్నయ్, ఏ కారుకూ 280 పీఎస్ కన్న ఎక్కువ ప్రకటించద్దని. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ కాయితం మీద 280. డైనో మీద పెడితే దాటిపోయేది. పదిహేనేండ్లు వేర్వేరు కంపెనీల పెద్ద కార్లన్నీ సరిగ్గ 280 కాడనే ఆగినయ్. అంత కలిసిరావుడు మన ఊరి పంచాయితీల గూడ చూడం.

పీఎస్, హెచ్‌పీ వేరు అని ఎవరైనా చెప్పిన్రా మీకు? పీఎస్ జర్మనోళ్ల గుర్రం, 735.5 వాట్లు, జర సన్నది. హెచ్‌పీ 746. అందుకే 500 హెచ్‌పీ కారు యూరప్ కాయితం మీద 507 పీఎస్ అయితది. ఏడు గుర్రాలు భాషల వచ్చినయ్. కంపెనీలు ఎక్కువ కనబడే దాన్నే పెద్దక్షరాలల్ల వేస్తయ్.

ఇగ నా సొంత పని కాడికి వస్త. డైనో.

రోలర్ల మీద కారు ఎక్కించి, బెల్టులతోని కట్టి, గేరేసి తొక్కితే చక్రాల కాడ ఎంత పవర్ వస్తుందో చూపెడ్తది. ఇంజిన్ కాడ పుట్టిన పవర్ గేర్‌బాక్స్, షాఫ్టు, డిఫరెన్షియల్, టైర్లు దాటి వచ్చేసరికి వందకు పది నుంచి పదిహేను తరుగు పోతది. వడ్లు మరపట్టిస్తే బియ్యంల నూక, తవుడు పోయినట్టు. కంపెనీ వడ్ల బస్తా చెప్తది, మనం రోలర్ మీద బియ్యం తూకం పడ్తం. అందుకే పోరగాళ్లు "నా బండి 400 అన్నరు, డైనో మీద 345 వచ్చింది, మోసం" అంటే నేను ముందు నవ్వుత. అది మోసం కాకపోవచ్చు.

కానీ డైనో గూడ శుద్ధపూస కాదు. ఎండకాలం నల్లగొండల 45 డిగ్రీలు ఉంటది. అప్పుడు గాలి పలచన. 25 డిగ్రీల గాలితో పోలిస్తే దాదాపు వందకు ఆరు పాళ్లు పలచన. ఇంజిన్‌కు గాలే తిండి గదా. అందుకని డైనో దిద్దుబాటు లెక్క వేస్తది. ఎస్‌ఏఈ జె1349 లెక్కల 25 డిగ్రీలు ప్రామాణికం. "ఇక్కడ ఎండ ఎక్కువుంది, 25 డిగ్రీలల్ల అయితే గింత వచ్చేది" అని కొంచెం కలుపుతది. న్యాయమే. ఎక్కడ పట్టు తప్పుతదంటే, గది వేడి కొలిచే సెన్సర్‌ను ఎక్కడ పెడ్తవో అక్కడ. నేను పనిచేసిన ఒక చోట, పేరెందుకులే, ట్యూనింగ్ చేయించుకున్న కస్టమర్ రాంగనే ఆ సెన్సర్ పొగగొట్టం దిక్కు జరిగేది. ఎవరు జరిపిన్రో ఎవ్వరికీ తెల్వదు! గది 30 డిగ్రీలే ఉంటది, సెన్సర్ 45 అనుకుంటది. 400 మీద పదకొండు గుర్రాలు పుట్టుకొస్తయ్. కస్టమర్ ఖుషీ. కాయితం తీస్కపోయి ఫ్రేమ్ కట్టిస్తడు. ట్యూనింగ్ ముందు సెన్సర్ కిటికీ కాడ, తర్వాత పొగగొట్టం కాడ. పని జరిగింది సెన్సర్‌కు, బిల్లు ఇంజిన్‌కు. టర్బో ఇంజిన్ అయితే ఇంకో మెలిక. టర్బో తనంతట తనే గాలి నొక్కి వేడికి వచ్చిన లోటును కొంత పూడ్చుకుంటది. దానికి మల్ల దిద్దుబాటు కలిపితే రెండు సార్లు వడ్డించినట్టు.

కాబట్టి ఎవరైనా డైనో కాయితం చూపెడితే, అడుగున చిన్నక్షరాలల్ల దిద్దుబాటు ఎంతో చూడండి. 1.00 కాడ ఉందా, 1.04 ఉందా? ఆ ఒక్క అంకె చూస్తే సగం ముచ్చట తెలుస్తది.

ఇంకోటి. హెచ్‌పీ అనేది ఒక్క ఆర్‌పీఎం కాడి మాట. ఆర్‌పీఎం అంటే ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు. హోండా ఎస్2000 అని 1999ల వచ్చింది. రెండు లీటర్ల ఇంజిన్, టర్బో లేకుండ 240 హెచ్‌పీ. అద్భుతమే. కానీ అది 8,300 ఆర్‌పీఎం కాడ. దాని టార్క్, అంటే తిప్పే బలం, ఎక్కడా 208 న్యూటన్-మీటర్లు దాటదు. లెక్కేయండి: 208 ఇంటూ 4,000, బై 9,549. 87 కిలోవాట్లు, 117 హెచ్‌పీ. అంటే 4,000 కాడ ఆ కారుకు ప్రకటనల పవర్‌ల సగం గూడ లేదు. ముదురు డ్రైవర్ ఎన్నడూ ముల్లును కిందికి పడనియ్యడు, అది వేరే. మామూలోడు తోలితే ఆ 240 ఆయనకు ప్రకటనలనే కనబడ్తది.

సరే, ట్రాక్ కాడికి పోదాం. జర్మనీల నూర్‌బర్గ్‌రింగ్, దాని ఉత్తర వలయం. 20.832 కిలోమీటర్లు, డెబ్బైకి పైగ మలుపులు, ఎత్తుపల్లాలు. కంపెనీలన్నిటికీ అదే మేళ్లచెరువు.

2013ల పోర్షే 918 స్పైడర్ తీస్కపోయింది. పెట్రోల్ ఇంజిన్, కరెంటు మోటర్లు కలిపి 887 పీఎస్. 6 నిమిషాల 57 సెకన్లు. అప్పుడు ట్రాక్‌ను కొంచెం తక్కువ దూరం, 20.6 కిలోమీటర్లు కొలిచేటోళ్లు. 2021ల అదే పోర్షే 911 జీటీ3 తెచ్చింది. టర్బో లేదు, మోటర్ లేదు, 510 పీఎస్. అదే 20.6 కిలోమీటర్లకు 6 నిమిషాల 55.2 సెకన్లు. 377 గుర్రాలు తక్కువ పెట్టుకుని ముందొచ్చింది! ఆ ఎనిమిదేండ్లల్ల మారింది టైర్లు, రెక్క, ముందు సస్పెన్షన్. బరువు గూడ తక్కువ, 1,435 కిలోలు. 918 అంతకు రెండొందల కిలోలు పైన.

ఇప్పుడు కరెంటు కార్లు. రిమాక్ నెవెరా, 1,914 పీఎస్, 2023ల పూర్తి దూరం 7 నిమిషాల 5.298 సెకన్లు. షావోమీ ఎస్‌యూ7 అల్ట్రా, అవును తమ్మీ, మీ ఫోన్ కంపెనీయే, 1,548 పీఎస్, 2025ల 7 నిమిషాల 4.957. దాని బరువు 2,360 కిలోలు. అదే ఏడు చైనాదే యాంగ్‌వాంగ్ యూ9 ఎక్స్‌ట్రీమ్, 3,000 పీఎస్ పైనే, 6 నిమిషాల 59.157. మన 510 పీఎస్ జీటీ3 పూర్తి దూరం ఎంతల పోయిందో తెలుసా? 6 నిమిషాల 59.927.

మల్ల చెప్త, రాసుకోండి. ఒకటి 510, ఇంకొకటి 3,000. తేడా ఒక్క సెకన్ గూడ లేదు. 0.77. కండ్లు మూసి తెరిచేంత. ఆరింతల గుర్రాలు ఎక్కడికి పోయినయ్?

చాక్‌పీస్ ఇవ్వండి. (బోర్డు మీద రాస్తూ) మలుపు వ్యాసార్ధం 50 మీటర్లు అనుకోండి. టైర్ పట్టు ఒక 'జీ', అంటే కారు బరువంత, అనుకోండి. మలుపుల పోగలిగే స్పీడు ఎంత? పట్టు ఇంటూ గురుత్వం ఇంటూ వ్యాసార్ధం, దానికి వర్గమూలం. 22 మీటర్లు సెకన్‌కు. గంటకు 80 కిలోమీటర్లు. పట్టు 1.2 అయితే 87. ఈ సూత్రంల హార్స్‌పవర్ ఎక్కడుందో చూపెట్టండి. లేదు! 3,000 గుర్రాలున్న కారైనా, మా తమ్ముని పాత మారుతి అయినా, టైర్ పట్టు ఒకటే ఉంటే ఆ మలుపుల 80కే పోవాలె. లేకపోతే చెట్ల పొదలకు పోవాలె.

దేవరకొండ, డిండి మీదుగ శ్రీశైలం పోయినోళ్లకు ఇది చెప్పక్కర లేదు. ఈగలపెంట దాటినంక డ్యాం కాడికి దిగే ఆ మలుపులల్ల, ముందున్న ఆర్టీసీ బస్సు వెనక పెద్ద పెద్ద కార్లు గూడ బుద్ధిగ పోతయ్. అక్కడ పవర్‌కు పని లేదు. బస్సు డ్రైవర్‌కు ప్రతి మలుపు ఎక్కడ తిరుగుతదో, ఎక్కడ బ్రేక్ వదలాలో తెలుసు. నేను ఒకసారి ఆఫీసోళ్ల కార్ల, పెద్ద పవర్ బండే, ఉషారుగ దిగుతుంటే సగం కాడికొచ్చేసరికి బ్రేక్ పెడల్ మెత్తబడింది. కాల్తున్న వాసన. పక్కకు ఆపి అరగంట కూసున్నం. మేం కోతులకు అరటిపండ్లు పెడ్తుంటే అదే బస్సు హారన్ కొట్టుకుంట ముందుకు పోయింది. (నవ్వులు)

బ్రేకుల హెచ్‌పీ అని ఎవరైనా ప్రకటన వేస్తరా? వెయ్యరు. లెక్కేద్దాం. 1,500 కిలోల కారు, 200 స్పీడు. దాంట్లున్న శక్తి 23 లక్షల జూల్స్. మంచి టైర్లతోని అయిదు సెకన్లల్ల ఆపితే సెకన్‌కు నాలుగున్నర లక్షల జూల్స్. అంటే ఇంజిన్ భాషల చెప్తే 600 హార్స్‌పవర్. 400 హెచ్‌పీ కారు గూడ ఆగేటప్పుడు 600 హెచ్‌పీ పని చేస్తది. అదంతా వేడి. ఆ వేడి డిస్కులల్లకే పోవాలె. ఒక్కసారైతే ఏ కారైనా ఆగుతది. పదో మలుపుకు ఆగుతదా అన్నదే ట్రాక్ అడిగే ప్రశ్న.

మన హైదరాబాద్‌ల హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ అని కరెంటు కార్ల రేసు జరిగింది, పోయినోళ్లు ఎవరన్న ఉన్నరా? ఇద్దరు. బాగుంది. 2.83 కిలోమీటర్ల ట్రాక్, జాన్-ఎరిక్ వెర్న్ గెలిచిండు. ఆ కార్లు ఉరికేటప్పుడు ఎక్కువల ఎక్కువ 350 కిలోవాట్లు. బ్రేక్ వేసినప్పుడు మోటర్లు తిరగబడి బ్యాటరీకి పంపేది ఎంత? 600 కిలోవాట్ల దాక! ఆ కార్లకు వెనక మామూలు హైడ్రాలిక్ బ్రేకులే లేవు. ఉరుకుడు కన్న ఆపుడుకు ఎక్కువ బలం పెట్టిన బండి మన ట్యాంక్‌బండ్ పక్కనే తిరిగింది. మన పేపర్లు మాత్రం టికెట్ రేట్లు, ట్రాఫిక్ గురించే రాసినయ్.

కరెంటు కార్లతో ఇంకో చిక్కు, ఆ పవర్ ఎంతసేపు? పోర్షే టైకాన్ టర్బో జీటీ ఉంది. దానికి కంపెనీయే మూడు అంకెలు చెప్తది: మామూలుగ 789 పీఎస్, నిలబడి దుంకేటప్పుడు 1,034, రెండే రెండు సెకన్లు 1,108. నాకు ఈ పద్ధతి నచ్చింది. ఎంత, ఎంతసేపు, రెండూ చెప్పింది. మిగతా కంపెనీలు ఒక్క పెద్ద అంకె రాసి ఊకుంటయ్. షావోమీ వాళ్లయితే 2025ల ఒక సాఫ్ట్‌వేర్ పంపి, ట్రాక్ మీద టైము చూపెట్టనోళ్లకు పవర్‌ను 900 దాకనే ఇస్తమన్నరు. కొన్నోళ్లు తిరగబడ్డరు, కంపెనీ వెనక్కి తగ్గింది. పైసలు 1,548కి కట్టించుకుని 900 ఇస్తానంటే ఎవరు ఊకుంటరు? జాగ్రత్త కోసమే కావచ్చు, కానీ ముందే చెప్పాలె గదా.

అయితే ఇంత చెప్పిన గనక పవర్ దండగ అనుకుని ఇంటికి పోకండి. నేరుగ పోయే తోవల పవరే మాట్లాడుతది. కాకపోతే అక్కడ గాలి అడ్డం నిలబడ్తది. స్పీడు రెండింతలు కావాలంటే గాలిని చీల్చుకుంట పోను ఎనిమిదింతల పవర్ కావాలె. బుగాటీ వేరాన్ 1,001 పీఎస్‌తో 408 పోయింది. సూపర్ స్పోర్ట్ అని 1,200 పీఎస్‌తో 2010ల 431. దాదాపు రెండొందల గుర్రాలు కలిపితే 23 కిలోమీటర్లు. ఒక మామూలు మంచి కారు పవరంతా తీస్కొచ్చి పెడితే, మన ఊర్ల ఆటో పోయే స్పీడంత పెరిగింది. (నవ్వులు) ఆ యాంగ్‌వాంగ్ తిన్నటి తోవల 496 పోయింది, జీటీ3 318 కాడ ఆగుతది. అక్కడ 3,000 గుర్రాలు కనబడ్తయ్. మలుపుల కనబడవు, అంతే.

ల్యాప్ టైములను గూడ గుడ్డిగ నమ్మద్దు. 2008ల నిస్సాన్ జీటీ-ఆర్ 7 నిమిషాల 29 సెకన్లు అన్నది. కారు పవర్ 480 పీఎస్. పోర్షే వాళ్లకు నమ్మబుద్ధి కాలే. ఒక జీటీ-ఆర్ కొనుక్కొని వాళ్ల డ్రైవర్‌తో తోలించిన్రు. 7 నిమిషాల 54 వచ్చిందన్నరు. నిస్సాన్ ఏమన్నదంటే, మీకు మా కారు తోలరాదు, వస్తే నేర్పిస్తం అన్నది. (నవ్వులు) 25 సెకన్లు! అది డ్రైవరా, టైర్లా, ఆ దినం వాతావరణమా? మన జాతరల అయితే ఇద్దర్నీ అదే దినం, అదే బండకు కట్టి తేల్చేటోళ్లు. అందుకే ల్యాప్ టైము చూసినప్పుడు ఏ టైర్లు, ఎంత దూరం, ఎవరు తోలిన్రు, బయటి సాక్షి ఉన్నడా అని అడగాలె.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, చెప్పు బిడ్డ.

విద్యార్థిని: సార్, అయితే కారు కొనేటప్పుడు హెచ్‌పీ చూడొద్దా?

చూడు. దాని పక్కన బరువు చూడు. పవర్‌ను బరువుతోని భాగించు. జీటీ3కి టన్నుకు 355 పీఎస్. షావోమీకి టన్నుకు 656. అయినా జీటీ3 ముందున్నది గదా, కాబట్టి ఆ భాగహారం గూడ సగం ముచ్చటే చెప్తది. తర్వాత టైర్ సైజు, ఏ రకం టైరు, బ్రేక్ డిస్క్ ఎంత పెద్దది అని చూడు. ప్రకటనల ఇవి ఉండవు, లోపలి పేజీల ఉంటయ్. ఇంకేమన్న?

విద్యార్థి: సార్, బైక్ రీమ్యాప్, అంటే ఇంజిన్ కంప్యూటర్‌ల సెట్టింగులు మార్చుడు, చేయిస్తే ఇరవై హెచ్‌పీ పెరుగుతదంటున్నరు, చేయించాల్నా?

టర్బో లేని బైక్‌ల అంత పవర్ ఏడికెళ్లి వస్తది తమ్మీ? చేసేటోన్ని అడుగు, ముందు కాయితం, తర్వాత కాయితం రెండూ చూపెట్టమను. రెండిట్ల దిద్దుబాటు అంకె ఒకటేనా చూడు. సెన్సర్ ఎక్కడుందో వంగి చూడు. ఆ పైసలతోని మంచి టైర్లు వేయించుకుంటే నార్కెట్‌పల్లి తోవల నీ ప్రాణానికే పనికొస్తది. ఆ, పెద్దాయనా, మీరు చెయ్యెత్తిన్రు.

రైతు: సారూ, నా ట్రాక్టర్ 50 హెచ్‌పీ. దమ్ముల దిగితే చక్రం తిరుగుతది, బండి కదలదు. పక్కోనిది 42, అది పోతది. ఎందుకట్ల?

అదే పెద్దాయనా, పొద్దటికెళ్లి నేను అరుస్తున్నది మీరు ఒక్క ముక్కల అడిగిన్రు. మీ ఇంజిన్‌కు బలముంది, టైరుకు పట్టు లేదు. పక్కాయన కేజ్‌వీల్ ఏసిండా?

రైతు: ఏసిండు. టైర్లల్ల నీళ్లు గూడ నింపిండు, బరువుకు.

చూసిన్రా! టైర్లకు బరువు ఎక్కితే నేలను గట్టిగ పట్టుకుంటది. రేసు కార్లకు గూడ అదే కావాలె, కానీ బరువు పెంచితే మలుపుల, బ్రేకుల నష్టం. అందుకని రెక్క పెడ్తరు. జీటీ3 ఆర్‌ఎస్ అని ఉంది, 285 స్పీడుల గాలి ఆ కారును 860 కిలోల బలంతోని కిందికి నొక్కుతది. నిలబడ్డప్పుడు ఆ బరువు ఉండదు, ఉరికినప్పుడే వస్తది. పక్కాయన టైర్లల్ల నింపిన నీళ్లే, కాకపోతే గాలితోని నింపినయ్.

రైతు: అయితే నా ట్రాక్టర్‌కు గూడ ఒక రెక్క పెట్టియ్యరాదు?

(నవ్వులు, చప్పట్లు)

మీ ట్రాక్టర్ దమ్ముల 285 మీద పోతదంటే రేపే పెట్టిస్త పెద్దాయనా. అప్పటిదాక నీళ్లే నింపండి. చాయ్ వచ్చినట్టుంది, పాండ్రి.